దత్తత ఆగేదెప్పుడు.. కన్నబిడ్డ తిరిగి వచ్చేదెలా?

పుట్టిన కొద్ది రోజులకే తల్లి ఒడికి దూరమైన పసివాడు ఏడాది దాటాక తిరిగి ఆ ఒడికి చేరాడు. 2021 నవంబరు 24న కేరళ రాజధాని తిరువనంతపురంలోని కుటుంబ న్యాయస్థానం ఆ బిడ్డను కన్నతల్లికి అప్పగించింది. అంతకు కొద్ది రోజుల ముందు వరకు ఆ బాలుడు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతుల ఇంట పెరిగాడు. వారు ఎవరి బిడ్డనూ ఎత్తుకు రాలేదు, ఎవరికీ డబ్బు ముట్టజెప్పలేదు. నిబంధనల ప్రకారం దరఖాస్తు చేసుకున్నారు, వరుసలో నిలబడ్డారు, తమ వంతు వచ్చాక బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారు. మూడు నెలలకు పైగా సాకిన బిడ్డను అధికారులు వచ్చి అడిగితే అప్పగించారు.

నాడు ఆ వార్త చదివిన మన ప్రాంతంలోని అనేకులకు ఒకటే సందేహం కలిగింది. ప్రభుత్వమే ఇచ్చిన బిడ్డను ప్రభుత్వమే వెనక్కి తీసుకోవచ్చా? కేరళ వారి సందేహం మరొకటి. కన్నతల్లి బతికి ఉండి, బిడ్డ కావాలని మొరపెట్టుకుంటూ ఉండగా ఆ బిడ్డ దత్తతకు ఎలా వెళ్లాడు? రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట ఉంది. ఆ బిడ్డ అసలు దత్తతకు ఇవ్వదగిన స్థితికి చట్టరీత్యా చేరాడా లేదా అన్నదే అక్కడి చిక్కుముడి.

అసలేం జరిగింది?

ఆ యువతికి 2020 అక్టోబరులో మగబిడ్డ పుట్టాడు. అప్పటికి ఆమెకు వివాహం కాలేదు. ఆ సంబంధం ఆమె తల్లిదండ్రులకు ఇష్టం లేదు. కొద్ది రోజులకే బిడ్డను తన నుంచి వేరు చేశారని, తన అనుమతి లేకుండా రాష్ట్ర శిశు సంక్షేమ మండలికి అప్పగించారని ఆమె ఆరోపణ. కుమార్తె సమ్మతితోనే ఇచ్చామని, అందుకు ఆమె సంతకం చేసిన పత్రం ఉందని ఆమె తండ్రి వాదన. వేరే పని కోసమని చెప్పి సంతకం పెట్టించుకున్నారని ఆమె ప్రతివాదన.

2021 ఏప్రిల్‌లో ఆమె పోలీసులకు ఫిర్యాదు చేశారు. కేసు నమోదయింది అక్టోబరులో. ఈ ఆరు నెలల జాప్యమే మొత్తం ఉదంతానికి కీలకం. ఎందుకంటే ఆ మధ్యలోనే, ఆగస్టులో, బిడ్డను దత్తత పూర్వ సంరక్షణ కింద ఆంధ్రప్రదేశ్ దంపతులకు అప్పగించారు. ఫిర్యాదు అందిన నాడే ఆ కాగితం బాలల సంక్షేమ సమితి బల్లపైకి చేరి ఉంటే ఆ దంపతులకు ఆ బిడ్డను చూపించి ఉండేవారే కారు. ఒక తల్లి కడుపుకోతతో పాటు మరో తల్లి కడుపుకోత కూడా తప్పి ఉండేది.

ఆమె సచివాలయం ఎదుట దీక్షకు దిగడంతో విషయం రాష్ట్రమంతా మార్మోగింది. అక్టోబరు చివరి వారంలో కుటుంబ న్యాయస్థానం దత్తత ప్రక్రియను నిలిపివేసింది. నవంబరులో బాలల సంక్షేమ సమితి ఆదేశంతో బిడ్డను తిరువనంతపురం తీసుకొచ్చారు. బిడ్డ నుంచి, తల్లి నుంచి, తండ్రి నుంచి నమూనాలు సేకరించి డీఎన్‌ఏ పరీక్ష జరిపారు. ఫలితం సరిపోయింది. మరునాడే న్యాయస్థానం బిడ్డను తల్లికి అప్పగించింది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన అంశం ఒకటుంది. న్యాయస్థానం ముందు ఆనాటికి పూర్తయిన దత్తత లేదు. బిడ్డ దంపతుల ఇంట ఉన్నాడే గాని, తుది ఉత్తర్వు వెలువడలేదు. దత్తత పూర్వ సంరక్షణ అంటే నిశ్చితార్థం వంటిది, పెళ్లి కాదు. ఆ దశలో అభ్యంతరం వస్తే ప్రక్రియ ఆగుతుంది. తుది ఉత్తర్వు వచ్చాక పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. బాల న్యాయ చట్టం ప్రకారం ఉత్తర్వు అమల్లోకి వచ్చిన నాటి నుంచి ఆ బిడ్డ దత్తత తీసుకున్న వారి సొంత బిడ్డే. పుట్టింటి బంధం తెగిపోతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా సక్రమంగా జరిగిన దత్తతను రద్దు చేసుకునేందుకు వీల్లేదని స్పష్టంగా చెబుతోంది. పెంచినవారు వద్దన్నా, బిడ్డే పెరిగి పెద్దయ్యాక పుట్టింటికి పోతానన్నా ఆ చట్టం అంగీకరించదు.

రెండు నెలల గడువు

మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసో గాని, బిడ్డను పెంచుకోలేమని అప్పగించే తల్లిదండ్రులకు 2015 నాటి బాల న్యాయ చట్టం ఒక గొప్ప వెసులుబాటు కల్పించింది. వారు బిడ్డతో సహా బాలల సంక్షేమ సమితి ముందు హాజరు కావాలి. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. సమితి ముందుగా విచారణ జరపాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి. వేరే దారి ఏదీ లేదని తేలితేనే అప్పగింత పత్రం రాయించుకోవాలి. ఆ తర్వాత కూడా పునరాలోచనకు రెండు నెలలు గడువు ఇవ్వాలి. ఈ గడువులో మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవచ్చు. గడువు ముగియకుండా ఆ బిడ్డను దత్తతకు అర్హుడిగా ప్రకటించరాదు. ప్రకటించేటప్పుడు కూడా కనీసం ముగ్గురు సభ్యులు కలిసి నిర్ణయం తీసుకోవాలి.

ఈ ఆలోచనకు మూలం అంతకు ముందే ఉంది. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలపై మార్గదర్శకాలు ఇస్తూ, ప్రసవానికి ముందు గాని, బిడ్డ పుట్టిన మూడు నెలల లోపు గాని అప్పగింత కోసం తల్లిని ఒత్తిడి చేయరాదని పేర్కొంది. పురిటి నొప్పులు, బాలింత నీరసం, ఇంట్లోవారి చీవాట్లు, ఇరుగుపొరుగు గుసగుసల నడుమ తీసుకునే నిర్ణయం నిర్ణయమే కాదన్నది ఇందులోని సారాంశం. పురుడు పోసిన ఏ మంత్రసానిని అడిగినా ఇదే మాట చెబుతుంది.

ఎవరు సంతకం చేయాలన్న దానిపైనా నిబంధనలు కచ్చితంగా ఉన్నాయి. వివాహిత దంపతుల బిడ్డ అయితే ఇద్దరూ సంతకం చేయాలి. వివాహం కాని తల్లి అయితే నిర్ణయం ఆమెదే. తాతయ్య, అమ్మమ్మ, మేనమామ వంటివారికి ఆ హక్కు లేదు. కోర్టు నియమించిన సంరక్షకులు కాని బంధువులు ఎవరైనా బిడ్డను తెచ్చి అప్పగిస్తే ఆ బిడ్డను అప్పగించిన బిడ్డగా కాక, వదిలేసిన బిడ్డగా పరిగణించి తల్లిదండ్రుల కోసం వెతకాలని దత్తత నిబంధనలు చెబుతున్నాయి. మన పల్లెల్లో జరిగేది సరిగ్గా దీనికి విరుద్ధం. పెద్దలు మాట్లాడుకుంటారు, పెద్దలే తేలుస్తారు. బాలింతను లోపల గదిలో కూర్చోబెట్టి కాగితం మీద వేలిముద్ర వేయమంటారు. అటువంటి వేలిముద్రకు ఎంత విలువ ఇవ్వాలన్నదే తర్వాత న్యాయస్థానాల ముందుకు వచ్చే ప్రశ్న.

పత్రికలో ఆ ఫొటో

లోపలి పేజీల్లో అప్పుడప్పుడు పసిబిడ్డ ఫొటోతో ఒక చిన్న ప్రకటన వస్తుంది. ఫలానా తేదీన, ఫలానా బస్టాండు వద్ద లేదా ఆసుపత్రి వద్ద దొరికిన శిశువు, తల్లిదండ్రులు గడువులోగా సంప్రదించాలని అందులో ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పేజీ తిప్పేస్తారు. నిజానికి అది కేవలం ప్రకటన కాదు, చట్టం విధించిన మెట్టు. వదిలేసిన లేదా దొరికిన బిడ్డ విషయంలో కన్నవారిని వెతికే ప్రయత్నం జరిగిందని నిరూపించే ఆధారం. రెండేళ్ల లోపు బిడ్డ అయితే సమితి ముందు హాజరుపరచిన రెండు నెలల్లో, అంతకు పైబడిన వయసైతే నాలుగు నెలల్లో ఈ ప్రయత్నం ముగించి దత్తతకు అర్హతపై నిర్ణయం తీసుకోవాలి. వెతుకులాట నామమాత్రంగా జరిగితే తర్వాత కన్నవారు బయటపడినప్పుడు చిక్కు వస్తుంది. తల్లిదండ్రులే స్వయంగా అప్పగించిన బిడ్డల విషయంలో మాత్రం ఇలాంటి ప్రకటన ఇవ్వరు. వారి వివరాలు గోప్యంగా ఉంచాలి.

బిడ్డను వదిలేస్తే జైలు తప్పదన్న భయంతో చాలామంది తల్లులు తిరిగి వచ్చేందుకు సాహసించరు. ఇందులో కొంత అపోహ ఉంది. తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల కన్నవారు బిడ్డను వదిలితే అది ఉద్దేశపూర్వకం కాదని భావించాలని, బాల న్యాయ చట్టంలోని క్రూరత్వానికి సంబంధించిన శిక్షలు వారికి వర్తించవని చట్టంలోనే రాసి ఉంది. పొదల్లోనో, చెత్తకుండీలోనో వదలడం వేరు. ఆసుపత్రిలోనో, శిశుగృహ ఊయలలోనో ఉంచడం వేరు. మొదటిది బిడ్డ ప్రాణం మీదకు తెస్తుంది.

తండాల అనుభవం

ఈ వ్యవహారం మన ప్రాంతానికి కొత్త కాదు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత సంస్థల బాగోతాలు బయటపడ్డాయి. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని లంబాడా తండాల పేరు అప్పుడు దేశమంతా వినిపించింది. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుడితే దళారి వాలడం, కొద్ది మొత్తం చేతిలో పెట్టి బిడ్డను తీసుకుపోవడం, ఆ బిడ్డ నగరంలోని సంస్థకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్లడం పత్రికల్లో వరుసగా వచ్చింది. సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి. పేదరికం, ఎక్కువ సంతానం, ఆడపిల్ల వద్దనుకోవడం వంటి కారణాలతో బిడ్డను అప్పగించేందుకు వీల్లేదని 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఆ ఉత్తర్వుపై అప్పుడూ భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పేదరికాన్ని కారణంగా అంగీకరించకపోతే బిడ్డను పెంచే భారం ఎవరిదని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తల్లిని నిందించి బిడ్డను ఆమె చేతిలోనే పెట్టి పంపితే సమస్య తీరదు. బిడ్డ తన కుటుంబంలోనే పెరగాలన్నది బాల న్యాయ చట్టం మూల సూత్రాల్లో ఒకటి. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలి. ఆ సూత్రానికి డబ్బు రూపం ఇచ్చేది స్పాన్సర్‌షిప్ పథకం. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద అర్హత గల బిడ్డ పేరిట కుటుంబానికి నెలకు రూ.4,000 చొప్పున అందుతుంది. పెంచే స్తోమత లేక వచ్చిన తల్లి ముందు అప్పగింత పత్రం పెట్టే ముందు ఈ దరఖాస్తు పెట్టారా అని సమితిని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా.

కన్నవారికి ఇవ్వని సందర్భాలు

కన్నవారు అడిగినంత మాత్రాన ప్రతిసారీ బిడ్డ తిరిగి వస్తాడనుకోవడం పొరపాటు. బిడ్డను కుటుంబానికి చేర్చాలన్న సూత్రం వెంటనే చట్టం ఒక షరతు పెట్టింది. అది బిడ్డ శ్రేయస్సుకు విరుద్ధం కాకూడదు. ఇంట్లో హింస, లైంగిక వేధింపులు, తాగుడు, మళ్లీ అమ్మేస్తారన్న భయం వంటివి ఉంటే సమితి గాని, న్యాయస్థానం గాని అప్పగింతకు అంగీకరించకపోవచ్చు. బిడ్డ ఊహ తెలిసిన వయసులో ఉంటే వాడి మాట కూడా వింటారు. సంక్షేమ అధికారి ఇంటికి వెళ్లి చూసి నివేదిక ఇస్తారు. కొన్నాళ్లపాటు పర్యవేక్షణ షరతుతో అప్పగించడం కూడా ఉంది.

మన రాష్ట్రాల్లోనే దీనికి రెండో కోణం ఇటీవల కనిపించింది. 2024 మేలో హైదరాబాద్ శివారు మేడిపల్లి పోలీసులు పసిబిడ్డల విక్రయ ముఠాను పట్టుకున్నారు. ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన బిడ్డలను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సంతానం లేని దంపతులకు అమ్మినట్లు తేలింది. బిడ్డలను ఆ ఇళ్ల నుంచి తీసుకెళ్లి శిశువిహార్‌లో ఉంచారు. పెంచుకున్న దంపతుల్లో కొందరు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దంపతులకే బిడ్డలను అప్పగించాలని, బిడ్డల బాగోగులను న్యాయ సేవాధికార సంస్థ గమనిస్తూ ఉండాలని ఆదేశించింది.

తిరువనంతపురం తీర్పుకు ఇది విరుద్ధమని పైకి అనిపిస్తుంది. అక్కడ నిబంధనలు పాటించిన దంపతులు బిడ్డను పోగొట్టుకున్నారు. ఇక్కడ నిబంధనలు పాటించని దంపతులకు బిడ్డలు దక్కారు. అయితే ఇక్కడ వ్యాజ్యం పెంచినవారికీ ప్రభుత్వ శాఖకూ మధ్య నడిచింది. బిడ్డ ముందున్న మార్గాలు రెండే, పెంచిన ఇల్లు లేదా శిశువిహార్. తిరువనంతపురంలో కన్నతల్లి స్వయంగా వచ్చి నిలబడింది. ఆమె సమ్మతే వివాదాస్పదం. దీన్ని చూసి బిడ్డను కొనుక్కుంటే చివరకు కోర్టే ఇప్పిస్తుందని ఎవరైనా ధీమాపడితే ప్రమాదమే. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నాడో వారే, ఆసుపత్రి సిబ్బందితో సహా, ఆ నేరానికి పాల్పడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పాడనో, నర్సమ్మకు తెలిసినవారనో బిడ్డను తెచ్చుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఎవరిని ఆశ్రయించాలి?

తిరువనంతపురం ఉదంతం నాటికి దత్తత ఉత్తర్వులు న్యాయస్థానాలే ఇచ్చేవి. 2021లో చట్టాన్ని సవరించారు, 2022 సెప్టెంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. ఇప్పుడు బాల న్యాయ చట్టం కింద దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు. కేసులు పేరుకుపోయి బిడ్డలు ఏళ్ల తరబడి శిశుగృహల్లో మిగిలిపోతున్నారన్నది సవరణకు చెప్పిన కారణం. ఉత్తర్వుపై అభ్యంతరం ఉన్నవారు 30 రోజుల్లోగా డివిజనల్ కమిషనర్ స్థాయి అధికారికి అప్పీలు చేసుకోవాలి. అయితే మైనరు బిడ్డ సంరక్షణ ఎవరిదన్న వివాదాలు 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద నేటికీ ఆ న్యాయస్థానాల పరిధిలోనే ఉన్నాయి.

కాబట్టి బిడ్డను అప్పగించి మనసు మార్చుకున్న తల్లికి మొదటి గుమ్మం కోర్టు కాదు, కలెక్టరేటూ కాదు. తాను పత్రం రాసిచ్చిన బాలల సంక్షేమ సమితే. రెండు నెలల లోపు స్వయంగా వెళ్లి, బిడ్డ కావాలని రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెప్పి వెనుదిరిగితే తర్వాత నిరూపించుకోవడం కష్టం. అసలు పత్రమే తనకు తెలియకుండా రాయించారన్నది ఫిర్యాదు అయితే రెండు నెలలు దాటాయని ఊరుకోకూడదు. సమితికి, పోలీసులకు, జిల్లా బాలల సంరక్షణ అధికారికి ఒకేసారి ఫిర్యాదు ఇవ్వాలి. దత్తత ప్రక్రియ మొదలైతే ఉత్తర్వు రాకముందే కలెక్టరుకు కూడా అభ్యంతరం తెలపాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేదన్న బెంగ అక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, బాలలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఏ కార్యాలయం ఎక్కడుందో తెలియకపోతే 1098కు ఫోను చేయవచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తను అడిగినా ఐసీడీఎస్ ద్వారా దారి చూపుతుంది.

దత్తత కోరే దంపతులు కూడా చేయగలిగింది ఒకటుంది. కేంద్ర దత్తత వనరుల సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, బిడ్డను చూపించిన రోజున ఆ బిడ్డకు సంబంధించిన సమితి ధ్రువపత్రాన్ని శ్రద్ధగా చదవాలి. అప్పగించిన బిడ్డా, దొరికిన బిడ్డా, ఏ తేదీన సమితి ముందుకు వచ్చాడు, ఏ తేదీన అర్హత ప్రకటించారు అన్నవి అందులో తెలుస్తాయి. తుది ఉత్తర్వు చేతికి వచ్చే వరకు ఆ ప్రక్రియ ఇంకా నడుస్తున్నదేనని గుర్తుంచుకోవాలి.